ఓడ నిలిచిన పూట



మన యిండ్లలో కుమారులో, అల్లుండ్రో, మఱదులో అమెరికాలో నుండుట ఈ దినములలో వింత గాదు. వారిని చూచుటకు పోయిన పెద్దవారిని పిల్లలు వినోదపుటోడ లెక్కించి, కరిబియను సముద్రమందలి దీవులు త్రిప్పి తెచ్చుటయు నిప్పుడు సాధారణమైనది. ఓడ రాత్రియంతయు నడచును. తెల్లవాఱుసరికి ఏదో యొక దీవి రేవున నిలుచును. ఉదయము మొదలు సాయంకాలము వఱకు ఏడెనిమిది గంటల కాలము ప్రయాణికుల చేతిలో నుండును. దానిని గడపుట కెట్లని అడిగినచో ఓడవారు జవాబు సిద్ధముగా నుంచుదురు: ఇసుకతీరమునకు పోయి స్నానములు చేయుట, చిన్నపడవలలో విహరించుట, రేవు ప్రక్క నంగళ్లలో నగలును గడియారములును కొనుట. ఈత రానివారికి, నగలు కొన నక్కఱలేనివారికి, మాంసము ముట్టనివారికి, మోకాళ్ల నొప్పులు గల పెద్దవారికి ఆ జవాబు చాలదు. అట్టివారు ఏమి చేయవచ్చునో మాకొక పూట తెలిసివచ్చినది. అది మా తెలివి వలన తెలిసినది కాదు. మా అత్తగారి వలన తెలిసినది. ఆ సంగతియే యిచ్చట వ్రాయుచున్నాము.

తెఱ వేసిన గది

మా మామగారు కాలము చేసి రెండేండ్లయినది. అప్పటినుండి అత్తగారు ఇల్లు కదలి యెఱుగరు. ఫ్లారిడాలో నున్న మా మఱది పట్టుబట్టి పిలిపింపగా, పిల్లల ముఖము చూచి బయలుదేరిరి. అందఱము కలిసి పోర్టోరికో దీవిలోని సాన్ హువాన్ రేవున ఓడ నెక్కితిమి. మొదటి రెండు రేవులలోను ఆమె దిగలేదు. "నాకెందుకమ్మా ఆ ఊళ్లు? మీరు పిల్లల్ని తీసుకుని పోయి రండి" అనిరి. మేమును పోయితిమి. పెద్దవారికి విశ్రాంతి కావలసియున్నదని మాకు మేమే సమాధానము చెప్పుకొంటిమి.

రెండవనాడు ఇసుకలో ఆడి నవ్వుచు తిరిగివచ్చి గది తలుపు తీసితిమి. కిటికీ తెఱ వేసియే యున్నది. దీపము లేదు. ఉదయము మేముంచి పోయిన పండ్లు తాకక అట్లే యున్నవి. అత్తగారు మంచముపై గోడవైపు తిరిగి కూర్చుండి, మామగారి చేతిగడియారమును ఒడిలో నుంచుకొనియుండిరి. ఆ గడియారమును ఆమె యీ దేశపు కాలమునకు మార్చలేదు. మన కాలమున కచ్చటి కాలము తొమ్మిదిన్నర గంటలు వెనుక. "ఇంటి దగ్గర అర్ధరాత్రి దాటిందమ్మా" అని మాత్ర మనిరి.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. వేయి రూకలు పోసి యామెను సముద్రముల నడుమకు తెచ్చి, అచ్చట నొక చీకటి గదిలో నుంచి, మేము సంతోషించుచున్నాము గదా యని సిగ్గు కలిగెను. మరునాడు పిల్లలను తీసికొని తీరమునకు పొమ్మని మావారితోను, మఱదితోను చెప్పితిమి. కాని "మీకు తోడుగా నేనుందును" అన్నచో అత్తగారు ఒప్పుకొనరు. అందుచేత వేఱొక మాట చెప్పితిమి: "అత్తయ్యగారూ, ఇక్కడి కూరగాయల సంత చూడాలని ఉంది. ఒక్కదాన్ని పోవాలంటే భయంగా ఉంది." ఆమె మా ముఖము వంక కొంతసేపు చూచి, లేచి చీర మార్చుకొనిరి. తనకొఱకు గడప దాటని యిల్లాలు ఇతరుల కొఱకు దాటును. ఇది చదువుచున్న సోదరీమణులకు మేము చెప్పవలసిన సంగతి కాదు.

సీతాకోకచిలుక వంటి దీవి

ఆనాడు ఓడ నిలిచినది గ్వాడెలూప్ దీవియందు. దేశపటములో చూచిన నిది రెక్కలు విప్పిన సీతాకోకచిలుకవలె నుండును. తూర్పు రెక్క పేరు గ్రాండ్‌తేర్. అది చదునైన నేల, చెఱకు తోటలకు ప్రసిద్ధము. పడమటి రెక్క పేరు బాస్‌తేర్. అది కొండలు, అడవులు. అందు సూఫ్రియేర్ అను అగ్నిపర్వతము 1,467 మీటర్ల యెత్తున నున్నది. 1976లో అది పొగలు బూడిదయు వెడలగ్రక్కగా డెబ్బదివేల మంది వఱకు ఇండ్లు విడిచి పోవలసివచ్చెను. రెండు రెక్కల నడుమ నొక సన్నని ఉప్పుటేఱు పాఱుచుండును. ఈ దీవి 1635 మొదలు ఫ్రెంచివారి యేలుబడిలో నుండి, 1946లో ఫ్రాన్సు దేశమునందలి యొక జిల్లాతో సమానమైనది. అందుచేత నిచ్చట చెల్లు ధనము యూరో. కచేరీల భాష ఫ్రెంచి. ఇండ్లలోను సంతలోను క్రెయోలు.

ఓడ నిలుచు పట్టణము పేరు ప్వాంతాపీత్ర. ఇందొక సౌకర్యము గలదు. కొన్ని దీవులలో రేవు ఊరికి దూరముగా నుండును. ఇచ్చట ఓడ దిగి పది పదునైదు నిమిషములు నడచిన ఊరి నడుమ నుందుము. వెల్లవేసిన అద్దాల మేడలు లేవు. రెండంతస్తుల పాత యిండ్లు, ఇనుప కమ్మీల వసారాలు, కొన్నింటికి రంగు వెలసి, కొన్నింటికి తలుపులు మూసి యున్నవి. 1843 ఫిబ్రవరిలో వచ్చిన భూకంపమున నీ పట్టణము నేలమట్టమైనది. పిదప కట్టిన పెద్ద దేవాలయమునకు లోపలి స్తంభములును చట్రమును ఇనుముతో చేసిరి. దాని ముందే పూలసంత. అత్తగారు అచ్చట నొక నిమిషము నిలిచి, మైనముతో చేసినట్లు మెఱయు ఎఱ్ఱని ఆంతూరియము పూలను చూచి, "వాసన లేని పూలు" అని ముందుకు నడచిరి.

మేము పిల్లల నాలోచించుచుంటిమి. ఈ దీవుల తీరములలో మాన్షినీల్ అను చెట్టు పెరుగును. దాని పండు చిన్న పచ్చి ఆపిలు పండువలె నుండును. తిన్నచో గొంతు కాలి వాచును. వాన కురియునప్పుడు దాని క్రింద నిలిచినను ఆకులనుండి కాఱు పాలు తగిలి చర్మము బొబ్బలెక్కును. చాలచోట్ల ఆ చెట్ల మొదళ్లకు ఎఱ్ఱ రంగు పట్టె వేసి యుంచుదురు. "ఎఱ్ఱ పట్టె చెట్టు దగ్గరకు పోవద్దు, క్రింద పడిన పండు ముట్టవద్దు" అని పిల్లలచేత మూడుమాఱులు వల్లె వేయించి పంపితిమి. తీరమునకు బిడ్డలను తీసికొనిపోవు తల్లులందఱును ఈ యొక్క సంగతి జ్ఞప్తియం దుంచుకొనవలెను.

సంతలో

ఊరి నడుమ సెంతాంత్వాన్ అను కప్పు గల సంత యున్నది. దాల్చినచెక్క, జాజికాయ, లవంగము, వనిల్లా కాయల కట్టలు, పసుపు కుప్పలు. బెండకాయలు, చేమదుంపలు, సీమపనస, బెంగుళూరు వంకాయ, చింతకాయ, మామిడి. అత్తగారు నడక నెమ్మది చేసిరి. వేఱు దేశమునకు వచ్చినట్లు గాక, ఎఱిగిన వారి పెరడులోనికి వచ్చినట్లు చూచుచుండిరి. ఒక బుట్టలోని పసుపుపచ్చని పొడిని చిటికెడు తీసి వాసన చూచి, "ధనియాలు, జీలకర్ర, మెంతులు, ఆవాలు, పసుపు. ఇది మన పులుసుపొడే!" అనిరి.

ఆ పొడి పేరు కొలొంబో. ఇది లంకలోని పట్టణమునుబట్టి వచ్చిన పేరు కాదని, తమిళుల 'కుళంబు' అను మాటయే ఇట్లు మాఱెనని చెప్పుదురు. మేకమాంసముతోను, కోడితోను, కూరలతోను చేయు కొలొంబో ఈ దీవి ప్రజలందఱి యింటి వంటయైనది. శాకాహారులకు ఇచ్చట నొక హెచ్చరిక: సంత వాకిట మన బజ్జీలవలె, వడలవలె ఎఱ్ఱగా వేయించినవి కనబడును. వాని పేరు ఆక్రా. అందు సామాన్యముగా ఉప్పుచేప కలియును. కూరగాయల ఆక్రాలును గలవు గాని, అడిగి తెలిసికొనక నోట పెట్టుకొనరాదు.

ఈ దీవిలో వంటకత్తెలకు గొప్ప గౌరవము. 1916లో ప్వాంతాపీత్రయందు వంటపని చేయు స్త్రీలు ఒకరి కొకరు తోడ్పడుటకు సంఘ మేర్పఱచుకొనిరి. నేటికిని ఆగస్టు నెలలో వారి పండుగ జరుగును. కుచ్చెళ్ల పావడలు, బంగారు గొలుసులు ధరించి, తలకు గళ్ల గుడ్డలు చుట్టి, వండిన పదార్థముల బుట్టలు మోసికొని దేవాలయమునకు పోయి, వీధులలో ఊరేగి, పిదప విందు చేయుదురు. పరుల యిండ్లలో వంట చేసి బ్రతికిన స్త్రీలు తమకై తాము ఒక పండుగను నిలుపుకొన్న యీ వృత్తాంతము మా మనస్సున కెంతయు నచ్చినది.

తలగుడ్డ

సంత చివర గుడ్డలమ్ము నామె దుకాణము. అఱువదేండ్లుండవచ్చును. ఎఱుపు, పసుపు, ఆకుపచ్చ గళ్ల గుడ్డను తలకు చుట్టి, ముందువైపు కొసలు నిక్కపొడిచి యుండెను. అత్తగారు దానిని చూచి నిలిచిపోయిరి.

"అమ్మాయ్, అది మన రుమాలు కదే!"

మా అత్తగారు చీరాల ఆడపడుచు. ఆమె పుట్టినింట గుంటమగ్గములు రెండుండెడివి. మద్రాసు రుమాళ్లని పేరు పొందిన గళ్ల గుడ్డలను చీరాల, వేటపాలెము ప్రాంతములలో వేలకొలది మగ్గములపై నేసి, పడమటి ఆఫ్రికాకు ఎగుమతి చేసెడివారు. బడి వదలిన వెంటనే కండెలు చుట్టుట ఆమె పని. ఈ సంగతులు పెండ్లియై యిరువదియేండ్లయినను మాకెన్నడు చెప్పి యుండలేదు. మేమును అడిగి యుండలేదు. ఆ గుడ్డకు ప్రత్యేకమైన వాసన యుండెడిదట. కొనువారు గుడ్డను ముక్కుకడ పెట్టుకొని చూచి, అసలైనదియో కాదో చెప్పెడివారట. ఆ గుడ్డ యే దేశమున ఎవరు కట్టుకొందురో వారి నాయన గారికిని తెలియదట.

కరిబియను దీవులకు ఈ గుడ్డ అంతకన్న చాల ముందే చేరినది. పదునెనిమిదవ శతాబ్దమున మద్రాసు రేవు మీదుగా ఓడలలో పోయినందున దానికి 'మద్రాస్' అను పేరే నిలిచినది. గ్వాడెలూప్, మార్తినీక్, డొమినికా, సెంటు లూసియా దీవుల స్త్రీలు దానిని తలకు చుట్టుకొనిరి. రంగు మఱింత మెఱయుటకు గళ్లలో పసుపురంగును చేతితో పూయించుకొనుటయు నుండెను. అది కొందఱు స్త్రీలకు జీవనోపాధి. ముడుచు విధమునుబట్టి అర్థ మేర్పడినదని చెప్పుదురు. కొస యొకటి నిలిపిన, నా మనస్సు ఎవరికిని ఈయలేదని. రెండు నిలిపిన, మాట యిచ్చితినని. మూడు నిలిపిన, పెండ్లియైనదని. నాలుగు నిలిపిన, ధైర్యము గలవాని కింకను చోటున్నదని!

మేము సెల్‌ఫోనులో మాటలాడి, ఆ మాటలను ఫ్రెంచిలోనికి మార్చి యామెకు చూపితిమి: "ఈ పెద్దావిడ తండ్రిగారు ఇటువంటి గుడ్డలు నేసేవారు." ఆమె చదువుకొని అత్తగారి ముఖము చూచి, అత్తగారి చేతిని తన రెండు చేతులతో పట్టుకొనెను. పిదప తానును ఫోనులో చెప్పెను. తన తల్లి వైపు ముత్తవ్వ ఇండియానుండి వచ్చినదట. ఏ ఊరో తెలియదట. అసలు పేరును తెలియదట. కాగితములలో వ్రాసిన పేరు ఫ్రెంచివారు విన్నట్లు వ్రాసినదట.

అత్తగారు బల్లమీది గుడ్డ నొకదానిని విప్పి, అంచును వ్రేళ్ల నడుమ రుద్ది, వెలుతురునకు పట్టి చూచిరి. "ఇది మగ్గం గుడ్డ కాదమ్మా. మిషను గుడ్డ. పోగు చూడు, ఎక్కడా తేడా లేదు" అనిరి. దుకాణమామె కిది చెప్పుటకు మాకు మొగమోటమైనది. అయినను చెప్పితిమి. ఆమె నవ్వి, నిజమే యన్నట్లు తల యూపి, గుడ్డను మడిచి అత్తగారి తలకు చుట్టుటకు చేతులెత్తెను.

అత్తగారు వెనుకకు జరిగిరి. రెండేండ్లుగా ఆమె వెలిసిన చీరలు తప్ప కట్టలేదు. కట్టవద్దని మాలో నెవరును అనలేదు. కట్టుమనియు అనలేదు. "ఈ రంగులు నాకెందుకులే" అనిరి. మేము ఏమియు పలుకలేదు. ఏమి పలికినను తప్పగునేమో యని తోచినది. దుకాణమామెకు మా మాటలు తెలియవు. ఆమె ఒకటి, రెండు, మూడు, నాలుగు వ్రేళ్లు చూపి, ఎన్ని కొసలని అడుగుచుండెను.

"ఏమంటున్నది?" అని అత్తగారు అడిగిరి. కొసల యర్థమును చెప్పితిమి. నాలుగవదాని యర్థము విని ఆమె నోటికి చెఱగు అడ్డము పెట్టుకొని నవ్విరి. మామగారు పోయిన పిమ్మట ఆమె నవ్వుట మేము చూచుట అదే మొదలు. తరువాత కొంచెము సేపు మామగారి గడియారమును మణికట్టుపై సవరించుకొని, మెల్లగా ననిరి:

"మూడే పెట్టమను. ఆయన పోయినంత మాత్రాన నేను పెళ్లైనదాన్ని కాకపోతానా?"

ఆ మాటను మేము ఫోనులో చెప్పలేకపోతిమి. మూడు వ్రేళ్లు మాత్రము చూపితిమి. ఆమె శ్రద్ధగా మూడు కొసలును నిలిపి, అద్దము పట్టెను. అత్తగారు చూచుకొని, గుడ్డను సవరించుకొని, "బేరం చేయకు. ఎంతంటే అంత ఇవ్వు" అనిరి.

చెట్ల నీడలో

సంతనుండి రేవువైపు వచ్చిన విక్తువార్ అను పేరు గల పెద్ద తోట మైదానము కనబడును. 1794లో ఆంగ్లేయులను ఓడించి దీవిని గెలిచినందులకు ఆ పేరు పెట్టిరి. అచ్చట నొక బల్లపై కూర్చుంటిమి. చెట్టు క్రింద నొక స్త్రీ కొబ్బరి మంచు అమ్ముచుండెను. చెక్కతొట్టిలో మంచుగడ్డలును ఉప్పును పోసి, నడుమ రేకు పాత్రలో కొబ్బరిపాలు, చిక్కని తీపిపాలు, దాల్చినచెక్క, వనిల్లా, నిమ్మతొక్క చేర్చి, పిడి పట్టి చేతితో త్రిప్పుచుండును. అది తినుచు, రాత్రి చదివి యుంచుకొన్న సంగతులు అత్తగారికి చెప్పితిమి.

ఈ దీవిలో బానిసత్వమును 1794లో నొకసారి తీసివేసిరి. 1802లో నెపోలియను సైన్యమును పంపి మఱల తెచ్చెను. దాని నెదిరించి పోరాడినవారిలో సొలిట్యూడ్ అను స్త్రీ యొకతె. ఆమె గర్భవతిగా పట్టుబడగా, ప్రసవమగు వఱకు ఆగి, 1802 నవంబరులో ఉరితీసిరని చెప్పుదురు. 1848లో బానిసత్వము కడపటిసారి తొలగినది. చెఱకు తోటల యజమానులకు కూలివారు కావలసిరి. అప్పుడు పుదుచ్చేరి, కారైకాలు మొదలగు రేవులనుండి మన దక్షిణదేశపు జనులను ఐదేండ్ల ఒడంబడికపై ఓడ లెక్కించిరి. 'ఒరేలీ' అను మొదటి ఓడ 1854 డిశంబరు 24వ తేదీని ఈ ప్వాంతాపీత్ర రేవుననే నిలిచినది. 1889 వఱకు నలుబదివేలకు పైగా జనులు వచ్చిరి. తమిళులు హెచ్చు, తెలుగువారును ఉండిరి. తిరిగి పోయినవారు కొందఱే. వారి సంతతికి ఫ్రెంచి పౌరులకుండు హక్కులు కావలెనని ఆన్రీ సిదాంబరం అను నతడు 1904 మొదలు ఇరువది యేండ్లకు దగ్గరగా కచేరీలతో పోరాడి, 1923లో గెలిచెను.

రేవు కావలి ఒడ్డున, 1980లో మూతబడిన దార్బుసియే పంచదార కర్మాగారము నిలిచిన చోట, బానిసత్వ చరిత్రమును తెలుపు గొప్ప ప్రదర్శనశాలను 2015 మే నెలలో తెఱచిరి. నల్లని గోడలపై వెండి రంగు వేళ్లు అల్లుకొన్నట్లుండు ఆ మందిరమును దూరమునుండియే చూచితిమి. అత్తగారికి నడక యెక్కువగునని పోలేదు. కాళ్లలో బలమున్నవారు పోయి చూడదగినది.

అత్తగారు అంతయు విని, నీటివైపు చూచుచు, "ఐదేళ్లని వచ్చి ఉండిపోయారన్నమాట. వంటకు పొడి మాత్రం మర్చిపోలేదు" అనిరి. కొంతసేపటికి, "ఆ గుడ్డలావిడ ముత్తవ్వ ఊరు మనవైపే అయి ఉండొచ్చు. కాకపోనూ వచ్చు" అనిరి. అంతకుమించి యెవ్వరమును ఏమియు చెప్పగలిగినది లేదు. అట్లే కూర్చుంటిమి. మైదానమున పిల్లలు బంతి యాడుచుండిరి. ఆ యరగంట మేమేమియు చూడలేదు, కొనలేదు. ఆ దినమున మాకు మిక్కిలి ప్రియమైన భాగ మదియే.

కాలము మఱచితిమని జ్ఞప్తికి తెచ్చినది మామగారి గడియారమే. "మన ఊళ్లో ఒంటిగంటయింది. తొమ్మిదిన్నర తీసేస్తే ఇక్కడ మూడున్నర. ఓడ ఎన్నింటికన్నారు?" అని అత్తగారు అడిగిరి. నాలుగున్నరకు అందఱు లోపల నుండవలెనని నియమము. మేము చేతిసంచులు పట్టుకొని నడచితిమి. గుడ్డ తలపై నుండగనే ఆమె ఓడ మెట్లెక్కిరి. పిల్లలు చూచి కేకలు వేసిరి. మావారు తల్లి ముఖమును చూచి, ఏదో అనబోయి, మానుకొని ఆమె చేతిసంచి అందుకొనిరి. ఆ రాత్రి ఆమె మాతోపాటు భోజనపు బల్లకడకు వచ్చిరి.

పోబోవు వారికి

ఇట్టి ప్రయాణము తలపెట్టిన సోదరీమణులకు కొన్ని మాటలు. ఓడ గడియారమునకును, దీవి గడియారమునకును ఒక్కొక్కప్పుడు గంట తేడా యుండును. దిగునప్పుడే ఓడ కాలము నడిగి దాని ననుసరింపుడు. ఓడ ఒక్కరిద్దఱి కొఱకు ఆగదు. గడువునకు గంట ముందే రేవు చేరుట మేలు. ఓడ పేరు, రేవు పేరు, విడిచివచ్చినవారి ఫోను సంఖ్య కాగితముపై వ్రాసి పెద్దవారి సంచిలో నుంచుడు. ఫోనులో మాత్రమున్న చాలదు. మందులు, మంచినీరు, గొడుగు మఱువవద్దు. ఫ్రెంచి దీవులలో కొద్దిగా యూరో నాణెములు చేతిలో నుండుట మంచిది. ఆదివారమున ఈ పట్టణములలో అంగళ్లు చాలవఱకు మూతబడును. అంగడిలో అడుగు పెట్టగనే 'బోఁజూర్' అని పలుకరించిన పిదపనే ఏదైనను అడుగుడు. పలుకరింపక వెల అడుగుట అచ్చట మర్యాద కాదు. సంతలో స్త్రీల చిత్రములు వారి యనుమతి లేక తీయకుడు.

ఇతర దీవులలోను ఇట్లే ఊరు నడచి చూడవచ్చును. మార్తినీక్‌లోని ఫోర్ ద ఫ్రాన్స్ పట్టణమున 1893లో తెఱచిన షొల్షేర్ గ్రంథాలయము ఇనుముతోను అద్దముతోను కట్టినది, చూడ ముచ్చటైనది. సెంటు లూసియాలోని కాస్ట్రీస్‌నందు పెద్ద సంతయు, 1992లో నోబెలు బహుమాన మందిన డెరెక్ వాల్కాట్ పేరు పెట్టిన తోటయు గలవు. డొమినికాలోని రోసో ఉద్యానమున 1979 నాటి డేవిడ్ తుపానులో కూలిన బావొబాబ్ చెట్టు క్రింద నలిగిన ఖాళీ బస్సును గుర్తుగా అట్లే నిలిపి యుంచిరి. అన్నియు చూడవలెనని పరుగెత్తుట అనవసరము. ఒక్క సంత, ఒక్క నీడ, ఒక్క సంభాషణ చాలును. మనతో వచ్చినవారిలో ఎవరు గదిలో మిగిలిపోవుచున్నారో వారికి పనికివచ్చు చోటు ముందు వెదకుడు. తక్కినవారికి సముద్రము ఎచ్చట నైనను దొరకును.

ఇంటికి వచ్చిన మరునాడు అత్తగారు ఆ గుడ్డను గిన్నెడు ఉప్పునీళ్లలో నానవేసిరి. గంట గడచిన పిదప తీసి చూపి, "చూశావా, చుక్క రంగు దిగలేదు. మా నాన్న నేసిందైతే ఈపాటికి నీళ్లు ఎర్రబడేవి" అని నవ్వి, పెరటి తీగపై ఆరవేసిరి. ఇప్పుడది ఆమె పెట్టెలో, మామగారి ఉత్తరీయము ప్రక్కన నున్నది.